వందెకరాల ఇల్లాలు

మావారికి ఈ మధ్య ఒక కొత్త పిచ్చి పట్టుకుంది. ఆదివారం వచ్చిందంటే చాలు, కాఫీ తాగేసి బండి తీస్తారు. ఊరికి నలభై కిలోమీటర్ల అవతల ఎక్కడో చవగ్గా అర ఎకరం దొరుకుతుందట. అక్కడ మట్టి గోడలతో, పెంకుల కప్పుతో చిన్న ఇల్లు కట్టుకుని, కూరలూ నారలూ మనమే పండించుకుని, ఈ రొద నుంచి బయటపడి బతకాలట. కాగితం మీద ఇంటి బొమ్మ కూడా గీశారు. అందులో అరుగు ఉంది, వేపచెట్టు ఉంది, పుస్తకాల అలమార ఉంది. వంటిల్లు ఎక్కడండీ అని అడిగితే కాసేపు తడుముకుని వెనక ఒక మూల చూపించారు. నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయని అడిగితే, అవన్నీ తర్వాత చూసుకోవచ్చులే అన్నారు.

నాకు కోపం వచ్చిందో, దిగులే వేసిందో చెప్పలేను. ఆశ కూడా లేకపోలేదు. మట్టి ఇల్లంటే నాకు మాత్రం ఇష్టం లేదూ? మా అమ్మమ్మ వాళ్ల వసారా ఇప్పటికీ కలలోకి వస్తుంది. కానీ ఆ వసారా అలికిన చేతులు ఎవరివో కూడా నాకు గుర్తుంది.

ఆ రాత్రి నిద్ర పట్టక, డిగ్రీ చదివేటప్పుడు కొన్న గాంధీగారి ఆత్మకథ తీశాను. ఆయన దక్షిణాఫ్రికాలో అడవిలాంటి చోట భూమి కొని కొత్త రకం కాపురం మొదలుపెట్టిన సంగతి లీలగా గుర్తుంది. అప్పుడు ఆయన కోసం చదివాను. ఈసారి ఆయన పక్కనున్న మనిషి కోసం వెతుక్కుంటూ చదివాను. ఆ పుస్తకంలోనూ, ఇతర పుస్తకాల్లోనూ ఏరుకున్న కస్తూర్బా జీవితం ఇది.

పోరుబందరు పిల్ల

కస్తూర్బా 1869 ఏప్రిల్‌లో పోరుబందరులో పుట్టింది. తండ్రి గోకుల్‌దాస్ మకన్‌జీ కపాడియా కలిగిన వర్తకుడు. ఆ రోజుల్లో ఆడపిల్లకి చదువెందుకు అనుకునేవారు కదా, ఆమెకీ బడి లేదు. పదమూడో ఏట పెళ్లయింది. పెళ్లికొడుక్కీ అంతే వయసు. మొదటి బిడ్డ పుట్టిన నాలుగు రోజులకే పోయింది. ఆ తర్వాత 1888లో హరిలాల్ పుట్టాడు. ఆ ఏడే భర్త బారిష్టరు చదువుకి లండన్ వెళ్లాడు. ఆ ప్రయాణం ఖర్చు కోసం మొదట కదిలినవి ఆమె ఒంటి మీది నగలే.

1896 చివర్లో భర్త వెంట, ఇద్దరు కొడుకుల్ని, ఆడబిడ్డ కొడుకుని తీసుకుని ఓడ ఎక్కింది. అక్కడ పెద్దమనుషుల్లా కనబడాలని ఆమెకి పార్శీ స్త్రీల పద్ధతిలో చీర కట్టించి, కాళ్లకి మేజోళ్లూ బూట్లూ తొడిగించారు. పిల్లల చేత ఫోర్కులతో తినిపించారు. తీరా డర్బన్ చేరేసరికి వాళ్లని దిగనివ్వలేదు. మూడు వారాలకు పైగా ఓడ సముద్రంలోనే ఆగిపోయింది. 1897 జనవరిలో దిగాక, తెల్లవాళ్ల గుంపు గాంధీగారిని నడివీధిలో కొట్టింది.  కొత్త దేశంలో ఆమె మొదటి రోజు అలా గడిచింది.

డర్బన్ ఇంట్లో గాంధీగారి గుమస్తాలు కూడా ఉండేవారు. గదుల్లో మూత్రం కుండలు ఉంటే ఇంటివాళ్లే ఎత్తి పోయాలి. ఒక గుమస్తా కొత్తగా వచ్చాడు. పంచముల ఇంట పుట్టి క్రైస్తవం పుచ్చుకున్నవాడు. అతని కుండ ఎత్తడానికి ఆమె మనసు ఒప్పలేదు. కన్నీళ్లతోనే ఎత్తింది. ఎత్తడం సరిపోదు, నవ్వుతూ ఎత్తాలన్నాడాయన. మాటా మాటా పెరిగి, చెయ్యి పట్టి గేటు దాకా లాక్కెళ్లి బయటికి గెంటబోయాడు. తన తప్పుని ఆయన ఏమీ దాచుకోకుండా పుస్తకంలో రాసుకున్నారు. కులం విషయంలో ఆమె పట్టింపు తప్పే. సందేహం లేదు. కానీ పుట్టింటికి పోవాలన్నా నడుమ సముద్రం ఉన్న ఆడదాన్ని గేటు దాకా ఈడ్చడం మాటేమిటి?

1901లో ఇండియాకి తిరిగి వచ్చేటప్పుడు అక్కడి వాళ్లు బోలెడు కానుకలిచ్చారు. అందులో కస్తూర్బాకని ప్రత్యేకంగా ఇచ్చిన బంగారు హారం ఒకటి, 50 గినీల ఖరీదు చేసేది. సేవకి ప్రతిఫలం పుచ్చుకోకూడదు, అన్నీ ట్రస్టుకి ఇచ్చేద్దామన్నాడాయన. ముందే పిల్లల్ని ఒప్పించి తన పక్షం చేసుకున్నాడు. కస్తూర్బా ఊరికే ఒప్పుకోలేదు. రేపు కోడళ్లు వస్తే ఏం పెట్టాలి, నీ సేవలో రాత్రింబవళ్లు నా చాకిరీ కలవలేదా అన్న అర్థం వచ్చేలా గట్టిగా వాదించింది. హారం నిలవలేదనుకోండి. ఆ వాదన మాత్రం నిలిచింది. మన ఇళ్లల్లో లెక్కకి రాని పని గురించి ఇప్పుడు సభల్లో మాట్లాడుతున్న మాటలే అవి.

వెయ్యి పౌన్ల భూమి

ఇక భూమి సంగతికి వస్తాను. 1904లో గాంధీగారు జోహాన్నెస్‌బర్గ్ నుంచి డర్బన్‌కి రైల్లో వెళుతుంటే, స్నేహితుడు పోలక్ దారిలో చదువుకోమని రస్కిన్ రాసిన అన్ టు దిస్ లాస్ట్ ఇచ్చాడు. ఒక రాత్రంతా మేలుకుని చదివి, తెల్లారేసరికి జీవితం మార్చుకోవాలని నిశ్చయించుకున్నారు. ఇండియన్ ఒపీనియన్ పత్రికని పట్నం నుంచి పల్లెకి మార్చాలి. అందరూ ఒళ్లు వంచి పని చెయ్యాలి. లాయరుకీ మంగలికీ శ్రమకి ఒకటే విలువ.

డర్బన్‌కి దగ్గర్లో, రైలుస్టేషను పక్కన స్థలం కావాలని పేపర్లో ప్రకటన వేశారు. వారం తిరక్కుండా ఫీనిక్స్ దగ్గర 20 ఎకరాలు దొరికింది. చిన్న నీటి ఊట, కొన్ని నారింజ చెట్లు, మామిడి చెట్లు ఉన్నాయి. దాన్ని ఆనుకునే ఇంకో 80 ఎకరాలు, పళ్ల చెట్లు, ఒక పాడుపడ్డ ఇల్లు. రెండూ కలిపి 1000 పౌన్లకి కొన్నారు. అంటే ఎకరం 10 పౌన్లు. డర్బన్ నుంచి 14 మైళ్లు. స్టేషను నుంచి రెండున్నర మైళ్లు నడవాలి.

చవగ్గా ఎందుకు వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు. మనుషులు లేని చోటు. మనిషెత్తు గడ్డి. గడ్డి నిండా పాములు. మొదట డేరాల్లో ఉన్నారు. పార్శీ రుస్తుంజీ అనే వ్యాపారి పాత రేకులూ, కట్టుబడి సామానూ ఇచ్చాడు. యుద్ధకాలంలో గాంధీగారితో పనిచేసిన వడ్రంగులూ తాపీ మేస్త్రీలూ వచ్చి సాయంపట్టారు. 75 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు ఉన్న ప్రెస్సు షెడ్డు నెల తిరక్కుండా లేచింది. తర్వాత తలా 3 ఎకరాల చొప్పున భూమి పంచుకుని, చుట్టూ ఇళ్లు కట్టుకున్నారు. మట్టి గోడలతో గడ్డి కప్పు వేయాలని గాంధీగారికి ఉండేది. దానికి డబ్బూ ఎక్కువే, కాలమూ ఎక్కువే అని తేలింది. చివరికి అన్నీ రేకుల ఇళ్లే అయ్యాయి. చవక అనుకున్న మట్టి ఇల్లే ఖరీదైందన్న సంగతి మావారికి చదివి వినిపించాను. ఏమీ అనలేదు.

అందరికీ నెలకి 3 పౌన్ల జీతం, ఎవరికైనా ఒకటే. మొదటి సంచిక రాత్రే ఇంజను మొరాయించింది. చక్రాన్ని చేత్తో తిప్పి, నిద్రపోతున్న వడ్రంగుల్ని లేపి సాయం పట్టించి, పేపరు బయటికి తెచ్చారు. ఆ పేపరు ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళాల్లో మొదలైంది. 1860లో మద్రాసు నుంచి మొదటి కూలీల ఓడ నేటాల్‌కి వెళ్లింది మొదలు మన తెలుగువాళ్లు కూడా వేలాదిగా ఆ చెరుకు తోటల్లో పనికి వెళ్లారు. వాళ్ల భాషకి మాత్రం అందులో చోటు దొరకలేదు.

ఇదంతా చదివి, ఈ కొనుగోలు గురించి కస్తూర్బాని అడిగిన మాట ఎక్కడైనా ఉందా అని ఆ పేజీలు రెండుసార్లు తిరగేశాను. నాకు కనబడలేదు. పోలక్‌తో, వెస్ట్‌తో, అన్నదమ్ముల కొడుకులతో మాట్లాడిన సంగతులు మాత్రం ఉన్నాయి.

తర్వాత జోహాన్నెస్‌బర్గ్ కాపురంలోనూ నిరాడంబరం మొదలైంది. 7 పౌన్లు పెట్టి తిరగలి కొన్నారు. మగవాళ్లూ పిల్లలూ పిండి విసిరేవారు. కస్తూర్బా కూడా అప్పుడప్పుడు చెయ్యి వేసేదట. కాకపోతే పిండి విసిరే వేళకే ఆమెకి వంట మొదలయ్యేది.

1906లో జులూల తిరుగుబాటు వచ్చినప్పుడు ఆ కాపురం ఎత్తేసి, ఆమెనీ పిల్లల్నీ ఫీనిక్స్‌కి పంపారు. గాంధీగారి ఉద్యోగం, ఉద్యమం రెండూ జోహాన్నెస్‌బర్గ్‌లో. అది ఒక రాత్రి, ఒక పగలు రైలు ప్రయాణం. ఫీనిక్స్‌ని మొదలుపెట్టింది తానే అయినా అక్కడ కొద్ది కాలాలే ఉండగలిగానని ఆయనే బాధపడ్డారు. అంటే ఆ కొత్త రకం ఇల్లు కలగన్నది ఆయన. పాములున్న గడ్డిలో, రేకుల కింద, పిల్లలతో ఆ ఇంట్లో ఏళ్ల తరబడి ఉన్నది ఆవిడ.

డోలీలో ఇంటికి

1908 చివర్లో కస్తూర్బాకి రక్తస్రావం ఎక్కువై ప్రాణం మీదికి వచ్చింది. ఆయన అప్పుడు జైల్లో ఉన్నారు. తర్వాత డర్బన్‌లో ఆపరేషను జరిగింది. ఆమె చిక్కి శల్యమై ఉండటంతో మత్తుమందు ఇవ్వకుండానే కోశారు. ఆ నొప్పిని ఓర్చుకున్న తీరు చూసి గాంధీగారే ఆశ్చర్యపోయారు. బలానికి గొడ్డుమాంసం రసం పట్టాలన్నాడు డాక్టరు. భర్త ఆ నిర్ణయం ఆమెకే వదిలేశారు. ప్రాణం పోయినా పుచ్చుకోనంది. అయితే ఇక్కడ ఉంచుకోనని డాక్టరు తెగేసి చెప్పాడు.

సన్నగా వాన పడుతోంది. ఆ స్థితిలో ఆమెని రిక్షాలో స్టేషనుకి చేర్చి, రైలెక్కించారు. ఫీనిక్స్ స్టేషనుకి వెస్ట్ ముందే వేడిపాలు, వేడినీళ్లు, ఒక డోలీ, మోయడానికి ఆరుగురు మనుషుల్ని తీసుకుని వచ్చాడు. ఆ రెండున్నర మైళ్లూ ఆమె డోలీలో ఇంటికి చేరింది. దారి పొడుగునా భర్తకి ఆమే ధైర్యం చెప్పిందట.

రెండున్నర మైళ్లు. పత్రికలో ప్రకటన వేసి కొనేటప్పుడు అది చిన్న సంగతే. ఆరోగ్యంగా ఉన్న మగాడికి ముప్పావు గంట నడక. రక్తం పోయి పడి ఉన్న ఆడదానికి అది ఎంత దూరమో ఆలోచించండి. ఇక్కడికి వచ్చేసరికి నేను పుస్తకం మూసి, మావారు చూసిన అర ఎకరానికి ఆసుపత్రి ఎంత దూరమో మనసులో లెక్కేసుకున్నాను.

తనంతట తాను

అయితే కస్తూర్బాని వట్టి బాధితురాలిగా చూస్తే అన్యాయమే. 1913 మార్చిలో కేప్ సుప్రీంకోర్టు, క్రైస్తవ పద్ధతిలో జరగని, రిజిస్టరు కాని పెళ్లిళ్లు చట్టం ముందు చెల్లవని తీర్పు ఇచ్చింది. ఒక్క దెబ్బతో అక్కడి హిందూ, ముస్లిం, పార్శీ ఇల్లాళ్లంతా భార్యలు కాకుండా పోయారు. గాంధీగారు ఫీనిక్స్‌లో మిగతా ఆడవాళ్లతో జైలుకి వెళ్లడం గురించి మాట్లాడారు గానీ, భార్యని కదపలేదు. నేను చెబితే కాదనలేక వస్తుందేమోనని ఆయన సంకోచం. ఆ మాటలు ఆమె చెవిన పడ్డాయి. నాలో ఏం లోపముందని నాకు చెప్పలేదని నిలదీసింది. తాను బయల్దేరింది.

ఫీనిక్స్ నుంచి మొత్తం 16 మంది వెళ్లారు. నలుగురు ఆడవాళ్లు. కస్తూర్బా, కాశీ, సంతోక్, జయకువర్. కాశీ, సంతోక్ వరసకి ఆమె కోడళ్లే. సరిహద్దు దాటి అరెస్టయ్యారు. 1913 సెప్టెంబరు 23న మూడు నెలల కఠిన శిక్ష పడింది. డిసెంబరులో మారిట్స్‌బర్గ్ జైలు నుంచి వచ్చేసరికి కస్తూర్బా ఎముకల గూడులా ఉంది. ఆ పోరాటంలోనే జైలు నుంచి జ్వరంతో వచ్చిన వల్లియమ్మ అనే తమిళ పిల్ల 1914 ఫిబ్రవరి 22న చనిపోయింది. పెళ్లిళ్లు చెల్లుతాయని ఆ ఏడే చట్టం వచ్చింది.

ఒకప్పుడు ఎవరిదో ఎంపికగా మొదలైన ఆ ఇల్లు, అక్కడ గడిపిన ఏళ్లలో ఎప్పుడో ఆమెది కూడా అయిందనిపిస్తుంది. లేకపోతే ఆ గుమ్మంలోంచి అలా బయల్దేరి ఉండేది కాదు.

మళ్లీ డేరాలు, మళ్లీ రేకులు

1915లో ఇండియా వచ్చాక అహ్మదాబాదు పక్కన కోచ్‌రబ్‌లో అద్దె బంగళాలో ఆశ్రమం పెట్టారు. అంత్యజుల కుటుంబాన్ని చేర్చుకుంటే కస్తూర్బా మొదట మొహం చిట్లించింది. మెల్లగా మారింది. 1917లో ప్లేగు రావడంతో సబర్మతి ఒడ్డున ఖాళీ భూమి కొన్నారు. చెట్టు లేదు, ఇల్లు లేదు, పాములు ఉన్నాయి. పక్కనే జైలు. గాంధీగారికి అదొక సదుపాయంగా తోచింది. నలభై మంది డేరాల్లో, వంట రేకుల పాకలో. కస్తూర్బాకి అప్పటికి 48 ఏళ్లు. ఫీనిక్స్‌లో చేసిందంతా మళ్లీ మొదటి నుంచి.

ఆశ్రమంలో సొంత డబ్బు ఉండకూడదు. 1929లో ఎవరో ఇచ్చిన 4 రూపాయలు కస్తూర్బా దగ్గర ఉండిపోయాయి. గాంధీగారు ఆ సంగతి తన పత్రికలోనే రాసి పదిమందికీ చెప్పారు. పోపుల డబ్బాలో నాలుగు నోట్లు దాచుకునే మనకి ఆ పూట ఆమెకెలా ఉండి ఉంటుందో ఇట్టే తెలుస్తుంది.

1936లో వార్ధా దగ్గర సేగాం. దాన్నే తర్వాత సేవాగ్రాం అన్నారు. వంద రూపాయలకి మించకుండా, చుట్టుపక్కల దొరికే సామానుతోనే ఇల్లు కట్టాలన్నది గాంధీగారి షరతు. మట్టి గోడలు, వెదురు, పెంకులు. మావారు గీసిన బొమ్మ లాంటిదే అనుకోండి. ఒకటే పెద్ద గది. అందులోనే అందరూ. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు, రాసేవాళ్లు, రోగులు. చీర మార్చుకోవడానికి, కాసేపు నడుం వాల్చడానికి ఆమెకంటూ ఒక చాటు లేదు. ఆ ఇబ్బంది గమనించిన మనిషి జమ్నాలాల్ బజాజ్. ఆయనే కస్తూర్బా కోసం వేరే చిన్న కుటీరం వేయించారు. బా కుటీ అని ఇప్పటికీ ఉంది. పెళ్లయి యాభై ఏళ్లు దాటాక, ఎన్నో ఎకరాల కాపురాలు చేశాక, ఆమెకని ఒక గది అలా వచ్చింది.

ఆ గదిలోనూ ఎన్నాళ్లు ఉంది గనక! 1942 ఆగస్టులో బొంబాయిలో భర్తని అరెస్టు చేస్తే, ఆయన బదులు సభలో మాట్లాడ్డానికి బయల్దేరి తానూ అరెస్టయింది. పుణేలో ఆగాఖాన్ భవంతిలో ఖైదు.  అక్కడే 1944 ఫిబ్రవరి 22న, భర్త ఒడిలో కన్నుమూసింది. వల్లియమ్మ పోయిన తేదీయే. గాంధీగారు వడికిన నూలుతో నేసిన చీర కట్టి సాగనంపారు.

ఫీనిక్స్ ఇల్లు 1985 అల్లర్లలో తగలబడింది. తిరిగి కట్టి 2000లో తెరిచారు. మన వైపు మండలాల్లో కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఉన్నాయి కదా, 2004లో మొదలైనవి. బడి మానేసిన ఆడపిల్లలు అక్కడే ఉండి, తిని, చదువుకుంటారు. బడి మొహం చూడని ఆవిడ పేరు ఆ బోర్డుల మీద చూసినప్పుడల్లా నాకు ఏదో తృప్తిగా ఉంటుంది.

పుస్తకం పూర్తయ్యాక మావారి కాగితం తీసుకుని పెన్సిలుతో నాలుగు గీతలు గీశాను. వంటింటిని వెనక మూల నుంచి తీసి తూర్పు వెలుతురు పడే చోట పెట్టాను. బోరు గుర్తు దాని పక్కనే పెట్టాను. తలుపూ గడియా ఉన్న చిన్న గది ఒకటి గీసి నా పేరు రాశాను. కింద, రిజిస్ట్రేషను ఇద్దరి పేర్ల మీదా అని రాశాను. మావారు చాలాసేపు చూశారు. ఆసుపత్రి ఎంత దూరమో కనుక్కుంటానన్నారు.

వచ్చే ఆదివారం నేనూ బండి ఎక్కుతున్నాను. ఆ స్థలం నాకు నచ్చుతుందో లేదో ఇప్పుడే చెప్పలేను. కొనేముందు చూస్తున్నాను, అదే చాలు. మీ ఇంట్లో కూడా ఇలాంటి బొమ్మ ఎవరైనా గీస్తుంటే, పెన్సిలు మీరూ ఒకసారి అందుకోండి.